పుస్తకాల సంచీ బరువెంత?

ఎడ్లబండికి బస్తాలు ఎత్తించేటప్పుడు రైతు వొకటికి రెండుసార్లు కాడి ఎత్తి చూసుకుంటాడు. బరువు ముందుకు పడితే ఎద్దుల మెడలు కాయలు కాస్తాయి. వెనక్కి పడితే కాడి పైకి లేచిపోయి బండి నడవదు. అందుకని వొక బస్తా ముందుకు నెట్టి, వొకటి వెనక్కి లాగి, బండి సమంగా నిలిచిందని నమ్మకం కుదిరాక గాని ముల్లుకర్ర చేతికి తీసుకోడు. నోరులేని పశువు విషయంలో చూపించే యీ పాటి జాగ్రత్త నోరున్న పిల్లల విషయంలో మనం చూపిస్తున్నామా అన్నది నా సందేహం.

పొద్దున్న ఎనిమిది గంటలవేళ మీ యింటి గుమ్మంలో కాసేపు నిలబడి చూడండి. బడికి పోయే పిల్లలు కనిపిస్తారు. నిజానికి ముందు కనిపించేవి సంచులు. వాటి కింద పిల్లలున్నారని కాళ్ళను బట్టి పోల్చుకోవాలి. ఆటోలకు రెండుపక్కలా గుమ్మడికాయల్లా సంచులు వేళ్ళాడుతూ వుంటాయి. మూడో అంతస్తు మెట్లెక్కే చంటివాడు వొక చేత్తో కటకటా పట్టుకుని, రెండో చేత్తో సంచీ పట్టీ పైకి ఎగదోసుకుంటూ వుంటాడు. రోజూ చూసే దృశ్యం గనక మనకు వింతగా తోచదు.

మా మనవరాలు నాలుగో క్లాసు చదువుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, 24 కిలోల బరువు. వొక ఆదివారం సాయంత్రం పాతపేపర్లు కొనే అబ్బాయి వచ్చాడు. మర్నాటికి సర్దిపెట్టిన దాని సంచీలో నీళ్ళసీసా నింపి, టిఫిన్ డబ్బా కూడా పెట్టించి, ఆ అబ్బాయి త్రాసు కొక్కేనికి తగిలించమన్నాను.

"ఏం పుస్తకాలు సార్ యివి? కిలో ఎంతకిస్తారు?" అన్నాడు.

"అమ్మేవి కావయ్యా, చదివేవి. తూచి చెప్పు, చాలు."

త్రాసు 7 కిలోలు చూపించింది. "నెల్లాళ్ళ పేపర్లు వేసినా యింత తూగదు సార్!" అని ఆ అబ్బాయి నావంకా, పిల్లవంకా చూశాడు.

"నేను రోజూ చెబుతూనే వున్నాను తాతయ్యా, బరువుగా వుందని. అమ్మ నమ్మదు," అంది మనవరాలు.

"టైంటేబుల్ చూసి సర్దుకోమంటే వినదు మామయ్యగారూ. అన్నీ కుక్కేస్తుంది," అంది మా కోడలు.

"టీచరు ఏ పుస్తకం అడుగుతారో ఏం తెలుసు? తేకపోతే నిలబెడతారు!"

ఆ చివరిమాట దగ్గర నేను ఆగిపోయాను. సంచీలో వున్నది కాగితం బరువొక్కటే అనుకున్నాను. అందులో భయం కూడా తూగుతోందన్నమాట.

ఆ రాత్రి వంటింటి త్రాసు ముందు పెట్టుకుని వొక్కొక్క వస్తువే తూచాము. ఖాళీ సంచీ 800 గ్రాములు. పాఠ్యపుస్తకాలూ, వర్కుబుక్కులూ కలిపి 6. వాటి బరువు 2 కిలోల 100. నోటుపుస్తకాలు 8, అవి 2 కిలోలు. డైరీ 200, పెన్సిళ్ళ పెట్టె 200, టిఫిన్ డబ్బా 600, లీటరు నీళ్ళతో సీసా కిలో 100. మొత్తం 7 కిలోలు.

24 కిలోల పిల్లకు 7 కిలోలంటే, ఆమె బరువులో నాలుగోవంతుకంటె ఎక్కువ. యీ లెక్కన 70 కిలోలున్న తండ్రి రోజూ 20 కిలోల బియ్యం మూట వీపున వేసుకుని ఆఫీసుకు వెళ్ళాలి, సాయంత్రం మళ్ళీ దాన్ని మోసుకు రావాలి. మొదటివారంలోనే ఆయన సెలవుచీటీ రాసి పంపిస్తాడు. పిల్లలకు ఆ సదుపాయం లేదు.

బరువు వెనక్కి లాగితే...

యింతకూ యీ బరువు ఒంట్లో ఏం చేస్తుంది? వెనక్కి మొగ్గిన బండి సంగతే యిక్కడ కూడా. వీపున బరువు పడగానే శరీరం వెనక్కి తూలబోతుంది. పడిపోకుండా వుండడానికి పిల్ల నడుము దగ్గర ముందుకు వంగుతుంది. అలా వంగితే చూపు నేలమీద పడుతుంది గనక, దారి కనిపించడానికి తల ముందుకు సాచి గడ్డం పైకెత్తుతుంది. దాంతో మెడ వెనక కండరాలు ఎడతెగకుండా బిగిసి పనిచెయ్యాల్సి వస్తుంది. పట్టీలు సన్ననివైతే భుజంమీద కోసుకుపోతాయి. చేతికి వెళ్ళే నరాలు ఆ దాపునుంచే పోతాయి గనక వొత్తిడి ఎక్కువైతే చేతులు తిమ్మిరెక్కవచ్చు. వొకే భుజానికి తగిలించుకుంటే ఆ భుజం పైకి లేచి, వెన్ను పక్కకు వంగుతుంది.

వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. 2010లో అమెరికాలో కొందరు పరిశోధకులు 8 మంది పిల్లలకు 4, 8, 12 కిలోల సంచులు తగిలించి, నిలబెట్టి ఎం.ఆర్.ఐ. తీశారు. బరువు పెరిగిన కొద్దీ ఆ బిళ్ళలు మరింత అణగడం, కొందరికి నడుము దగ్గర వెన్ను పక్కకు వంగడం ఫొటోల్లో కనిపించింది.

అంతమాత్రాన పుస్తకాల సంచీ మోసిన ప్రతి పిల్లకూ గూని వస్తుందని బెదిరిపోనక్కరలేదు. వెన్ను శాశ్వతంగా వంకరపోయే జబ్బు సంచీవల్ల వస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. 2018లో ఇంగ్లండులోని వొక ప్రసిద్ధ వైద్యపత్రిక 69 పరిశోధనలను జల్లెడపట్టిన వ్యాసాన్ని ప్రకటించింది. సంచీ బరువువల్లనే పిల్లలకు నడుంనొప్పి వస్తుందని నమ్మకంగా చెప్పే ఆధారం అందులో దొరకలేదు. అయితే ఆ జల్లెడలో వొక్క గింజ మిగిలింది. సంచీ బరువుగా వుందని, మోయలేకపోతున్నానని పిల్లలు స్వయంగా చెప్పడానికీ, నొప్పికీ కొంత సంబంధం కనిపించింది.

నా మటుకు నాకు ఆ గింజే ముఖ్యమనిపించింది. త్రాసు చెప్పే అంకెకంటె పిల్ల చెప్పే మాటకు విలువ వుందన్నమాట. "బరువుగా వుందమ్మా" అంటే, "మా కాలంలో మేం మొయ్యలేదూ" అని మనం నోరు మూయిస్తాము. మా కాలంలో మేం మోసింది వొక పలకా, రెండు బలపాలూ, వొక వాచకం. పైపెచ్చు గుడ్డసంచీ.

ముప్ఫై యేళ్ళ పైబడిన మాట

యిది నేను కొత్తగా కనిపెట్టిన కష్టం కాదు. నవలాకారులు ఆర్.కె. నారాయణ్ గారు రాజ్యసభ సభ్యులుగా వుండగా, 1989లో సభలో మాట్లాడిన మొట్టమొదటిసారి రాజకీయాల జోలికి పోకుండా, బడిపిల్లల సంచీ గురించే మాట్లాడారు. దరిమిలా కేంద్రప్రభుత్వం 1992లో శాస్త్రవేత్త యశ్‌పాల్ గారి అధ్యక్షతన సంఘం వేసింది. 1993లో ఆ సంఘం నివేదిక యిస్తూ, సంచీ బరువు బాధే గాని, అర్థంకాని చదువు బరువు అంతకంటె హాని అన్నది. 2006లో సంచీ బరువుకు హద్దు పెట్టాలని రాజ్యసభలో బిల్లు వచ్చింది గాని చట్టం కాలేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు యిచ్చింది: 1, 2 తరగతులకు కిలోన్నర, 3 నుంచి 5 వరకు 2, 3 కిలోలు, 6, 7 తరగతులకు 4, 8, 9 తరగతులకు నాలుగున్నర, 10వ తరగతికి 5 కిలోలు. 2020లో కేంద్రం ప్రకటించిన స్కూలు సంచీ విధానం యింకా సులువైన లెక్క చెప్పింది. సంచీ బరువు పిల్ల బరువులో పదోవంతు మించరాదు. బడికి ముందు చదువుల పిల్లలకు అసలు సంచీయే వుండకూడదు. చక్రాల సంచీ అయితే మెట్లమీద ప్రమాదమని కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి శనివారాలు సంచీ లేని రోజులన్నారు. సంతోషమే. మిగతా అయిదురోజుల సంగతి ఆలోచించాలి గదా!

ఉత్తర్వులకు కొదవలేదు. కాని ఉత్తర్వు వచ్చి మన పిల్ల సంచీని తూచదు. ఆ పని ఎవరో వొకరు చెయ్యాలి.

యింటివంతు, బడివంతు

పదోవంతు లెక్క ప్రకారం మా మనవరాలి సంచీ 2 కిలోల 400 గ్రాములు దాటరాదు. వున్నది 7. తగ్గించగలమా అని ముగ్గురం కూర్చుని చూశాము.

సోమవారం టైంటేబుల్‌లో నాలుగే సబ్జెక్టులు. అక్కరలేని 2 పుస్తకాలూ, 4 నోటుపుస్తకాలూ తీసేస్తే కిలో 700 తగ్గింది. వాళ్ళ బడిలో మంచినీళ్ళ సదుపాయం వుంది. సీసా ఖాళీగా తీసుకుపోయి అక్కడ నింపుకుంటే మరో కిలో. తళుకుబొమ్మలూ, లెక్కలేనన్ని జిప్పులూ వున్న సంచీ బదులు తేలికది కొంటే 400. అంతా కలిపి 3 కిలోల 100 తగ్గి, 3 కిలోల 900 మిగిలింది. యింట్లోవాళ్ళం చెయ్యగలిగింది అంతే.

మిగతాది బడివాళ్ళ చేతిలో వుంది. పాఠ్యపుస్తకాలు క్లాసులోనే బీరువాలో వుంచుకోనిస్తే యింకో కిలో 400 పోయి, రెండున్నర కిలోలు మిగులుతుంది. హద్దుకు దాదాపు వచ్చినట్టే. యింటిపనికి ఎలాగంటారా? పై క్లాసుకు వెళ్ళిన పిల్లల పాతపుస్తకాలు వొక సెట్టు యింట్లో వుంచుకోవచ్చు. వొకే బల్లమీద కూర్చునే యిద్దరు చెరిసగం తెచ్చుకుని పంచుకోవచ్చు. 200 పేజీల లావుపాటి నోటుపుస్తకం బదులు పల్చనివి వాడవచ్చు. వీటికి డబ్బు ఖర్చు లేదు. రేపు ఏ పుస్తకాలు కావాలో యివాళే ఖాయంగా చెప్పి, చెప్పనిది తేలేదని ఏ పిల్లనూ నిలబెట్టకుండా వుంటే చాలు. అప్పుడు సంచీలో భయం బరువు కూడా తగ్గుతుంది.

సంచీ తగిలించుకోవడంలో కూడా పద్ధతి వుంది. పట్టీలు వెడల్పుగా, మెత్తగా వుండాలి. రెండు భుజాలకూ తగిలించుకోవాలి. సంచీ వీపుకు అంటిపెట్టుకుని వుండేటట్లు పట్టీలు బిగించాలి. పిరుదుల మీదికి జారి కొట్టుకుంటూ వుండకూడదు. బరువైన పుస్తకాలు వీపు పక్కనా, తేలికవి వెలుపలి పక్కనా సర్దాలి. కిందినుంచి ఎత్తుకునేటప్పుడు మోకాళ్ళు వంచి ఎత్తుకోవాలి. సంచీ వేసుకున్నాక పిల్లను పక్కనుంచి చూడండి. ముందుకు వంగి నిలబడితే ఆ బరువు ఎక్కువైనట్టే. స్నానం చేయించేటప్పుడు భుజాలమీద ఎర్రచారలున్నాయేమో చూడండి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో అడగండి.

వొక హెచ్చరిక. నొప్పి తగ్గకుండా వారాల తరబడి వున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరంతో వచ్చినా, కాళ్ళు బలహీనపడినా సంచీమీద నేరం మోపి వూరుకోకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి. వెన్ను వొక పక్కకు వొరిగినట్టు, వొక భుజం ఎత్తుగా వున్నట్టు కనిపించినా అంతే. యిక వీపు కండరాలకు అసలైన బలం మందుసీసాలో దొరకదు. రోజూ కాసేపు పరుగెత్తి, గెంతి, ఆడుకున్న పిల్ల వీపు గట్టిపడుతుంది. బళ్ళో బరువు మోసి, వచ్చి ట్యూషనుకు బరువు మోసి, పొద్దుగూకాక యింటికి చేరే పిల్లకు ఆ కాసేపూ ఎక్కడ దొరుకుతుంది?

యీ వారంలో వొక్క పని చెయ్యండి. మీ పిల్ల బరువు చూడండి. బడికి బయలుదేరే ముందు సంచీ తూచండి. రెండు అంకెలూ వొక చీటీమీద రాసి దగ్గర పెట్టుకోండి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితం మన చేతికిస్తారు గదా! అది పుచ్చుకుంటూ మన చీటీ వాళ్ళ చేతిలో పెడదాము. నలుగురు పెడితే నవ్వుతారేమో గాని, నలభైమంది పెడితే బీరువా తాళాలు తీస్తారు.