గూడెం దాకా రాని తారు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో వానాకాలం వాగులు పొంగితే లోపలి గూడేలకు దారి తెగిపోతుంది. కాన్పు నొప్పులు మొదలైతే డోలీ కట్టుకుని, 108 బండి ఆగిన చోటిదాకా మోసుకుపోవాలి. ఆ నడక తెలిసినవాళ్లెవరూ రోడ్డు అక్కర్లేదని తేలిగ్గా అనలేరు. ఏ దారిన, ఎంత వెడల్పున, ఎవరినడిగి వేస్తారన్నదే పేచీ.

ఏజెన్సీలో ఈ పేచీ పాతదే. నర్సీపట్నం, చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత వెట్టి చేయించడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం.

2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికీ రోడ్డు హామీ ఇచ్చింది. 2016లో మావోయిస్టు ప్రభావిత జిల్లాలకు విడిగా మరో పథకం వచ్చింది. అందులో రోడ్లను ఎంచేముందు రాష్ట్రాలు భద్రతా బలగాలను సంప్రదించాయి.

మరి ఊరిని సంప్రదించేదెవరు? జవాబు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి 13 అవసరాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. పది మీటర్ల వెడల్పున తీస్తే హెక్టారు ఒక్క కిలోమీటరుకే సరిపోతుంది. చట్టం చెట్లను లెక్కపెడుతుంది గానీ, వాటిలో ఇప్పచెట్లెన్నో అడగదు. వేసవి తెల్లవారుజామున పూవు ఏరుకునే కోయ కుటుంబానికి ఒక్క ఇప్పచెట్టు పోయినా ఏటా వచ్చే రాబడి పోయినట్టే. ఏ చెట్టును తప్పించి రోడ్డు మలపాలో చెప్పగలిగింది గూడెం పెద్దలే. అందుకే గ్రామసభ తీర్మానాన్ని సంతకాల తంతుగా ముగించడం అన్యాయం.

తూములు చాలని రోడ్డు కట్టలా నిలిచి వాననీటిని పొలాల్లోకి మళ్లిస్తుంది. దారి పడితే సంతకు బియ్యం, మందులు వస్తాయి. భూమి మీద కన్నేసే బయటివాళ్లూ వస్తారు. గిరిజనేతరులకు భూబదిలీని అడ్డుకునే 1/70 చట్టం అసలు పరీక్ష అప్పుడే.

గుత్తికోయల గోడు వేరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ వదిలి ఇటు వచ్చారు. అటవీ హక్కుకు గడువు 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత పోడు కొట్టినవారికి పట్టా రాదు. కాగితాల మీద వాళ్ల గూడెం ఇంకా అడవే. తారు పక్క ఊరిదాకా వచ్చి ఆగితే, అక్కణ్నుంచి లోపలికి డోలీయే.