పండుగకు పోయొచ్చిన పిల్లలు ఎందుకు ఏడుస్తారు?

దసరా అయిపోయింది. జమ్మి ఆకు చేతుల్లో పెట్టి పెద్దల కాళ్ళు మొక్కినం, సద్దుల బతుకమ్మను సాగనంపినం, మూటాముల్లె సర్దుకొని కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్ దిక్కు నుంచి మళ్ళీ షోలాపూర్ చేరుకున్నం. కార్ఖానాల్లో మగ్గాలు మోగుతున్నాయి. ఇళ్ళల్లో బీడీల చాటలు ఒళ్ళోకి వచ్చినయి. పెద్దలు పనిలో పడ్డారు. చిన్నపిల్లలు మాత్రం ఇంకా పడలేదు.

బాలవాడి నడిపే నాకు ఏటా ఈ పదిహేను రోజులు కొత్త కాదు. పండుగ ముందు ఎగురుకుంటూ వచ్చిన పిల్లలే ఇప్పుడు గుమ్మం దగ్గర తల్లి కొంగు వదలరు. మానేసిన బొటనవేలు మళ్ళీ నోట్లోకి పోతుంది. ఎప్పుడో ఆగిన పక్క తడపడం మళ్ళీ మొదలైతుంది. "ఊళ్ళె గారాబం చేసి చెడగొట్టిన్రు టీచరమ్మా, నాలుగు తగిలిస్తే దారికొస్తది" అంటారు తల్లులు. అక్కలారా, అది మొండితనం కాదు, బెంగ.

మనకు ఒక లెక్క ఉంటుంది. ఉగాదికి పోతాం, లేదా ఎండాకాలం సెలవులకు పోతాం అనుకొని మనసు సర్దుకుంటాం. మూడేళ్ళ పిల్లకు ఉగాది ఎంత దూరమో తెలియదు. నిన్న పక్కలో పడుకోబెట్టుకున్న నాయినమ్మ ఇవాళ లేదు, అంతే తెలుసు. ఊళ్ళో ఇంటి నిండా మనుషులు, వాకిలి నిండా పూలు, ఆడుకోను బోలెడంత జాగ. ఇక్కడ ఒక్క గది, షిఫ్టుకు పోయిన నాయిన, చాట ముందు వంగిన అమ్మ. ఆ తేడాను మాటల్లో చెప్పే వయసు కాదు, అందుకే ఏడుపుతో చెబుతుంది.

ఇంకో సంగతి మన బస్తీల్లోనే కనిపిస్తుంది. పది రోజులు తెలుగే విని వచ్చిన పిల్ల బాలవాడిలో "పాణీ" అనబోయి "నీళ్ళు కావాలె" అంటుంది. పక్కవాళ్ళు నవ్వితే నోరు మూసుకుంటుంది. నవ్విన పిల్లలను నేను ఆపుతాను. ఇంట్లో మీరు కూడా ఆ మాటలను వెక్కిరించకండి. అవి నాయినమ్మ దగ్గర నేర్చుకొచ్చిన మాటలు.

మనం చేయగలిగేది

మొదట నిద్ర. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పండుగ రాత్రుళ్ళలో, బస్సు ప్రయాణంలో అది పోయింది. పనికి ఒకరోజు ముందే తిరిగి వస్తే మంచిది. పగారు పోతుందని రాలేకపోతే, వచ్చిన వారం రోజులైనా వేడినీళ్ళ స్నానం, తిండి, పడక ఒకే వేళకు జరగనివ్వండి.

రెండోది మాట. "రేపు పోదాంలే" అని అబద్ధం చెప్పకండి. నాలుగు రేపులు గడిస్తే మన మాట మీద నమ్మకం పోతుంది. "నాయినమ్మ యాదికొస్తుందా బిడ్డా? నాక్కూడ యాదికొస్తుంది" అనండి. క్యాలెండర్‌లో ఆదివారం చుట్టూ గుండ్రం గీసి, ఆ రోజు తప్పకుండా ఫోన్ చేయండి. నాయినమ్మ పాత చీర ముక్క ఒకటి తలకింద పెట్టినా పిల్లకు ధైర్యం.

మూడోది ఆట. కిందటేడు మా బాలవాడి పిల్ల ఒకతె, తండ్రి కార్ఖానా నుంచి తెచ్చిన రంగురంగుల నూలు చిక్కును గుట్టగా పేర్చి బతుకమ్మ అన్నది. తల్లికి ఇంకా మూడు వందల బీడీలు చుట్టాలి. అయినా చాట పక్కన పెట్టి అయిదు నిమిషాలు బిడ్డతో కలిసి చప్పట్లు కొట్టింది. రోజూ అదే ఆట. ఆ వారంలోనే గుమ్మం దగ్గర ఏడుపు తగ్గింది. పండుగ అయిపోయింది, ఇంకేం బతుకమ్మ అని కసరకండి. పిల్ల ఆ ఆటతోనే పండుగను సాగనంపుతుంది.

నాలుగోది మన కోపం. ప్రయాణానికి చేసిన అప్పు, పోయిన కూలి మన గుండెల మీద ఉంటాయి. కానీ "మీ కోసం పోయి అప్పులపాలైనం" అన్న మాట పిల్లల చెవిన పడితే తప్పంతా తమదే అనుకుంటారు.

వారం, రెండు వారాల్లో చాలామంది మామూలైతారు. మూడు వారాలు దాటినా తిండి సరిగా తినకపోయినా, పక్క తడపడంతో పాటు జ్వరం గానీ మంట గానీ ఉన్నా డాక్టరుకు చూపించండి. ఒక మనిషి పేరెత్తితేనే బెదిరితే, తిట్టకుండా దగ్గర కూర్చోబెట్టుకొని ఊళ్ళో ఏం జరిగిందో మెల్లగా అడగండి. చెప్పింది నమ్మండి.

మళ్ళీ ఊరికి పోయినప్పుడు, తిరిగొచ్చే సంగతి ముందురోజే పిల్లకు చెప్పండి. నిద్రలో ఎత్తుకొని బస్సెక్కకండి. నాయినమ్మకు "పోయొస్త" అని తన నోటితో చెప్పనివ్వండి. వీడ్కోలు చెప్పి వచ్చిన పిల్ల ఏడుస్తుంది, కానీ ఎందుకు ఏడుస్తుందో దానికి తెలుస్తుంది.

ఈ ఆదివారం ఊరికి ఫోన్ కలిపినప్పుడు ముందు పిల్ల చేతికివ్వండి. మన లెక్కలు తర్వాత మాట్లాడుకోవచ్చు.