పాత బాకును పరీక్షించు విధము

జర్మనీ సైన్యాధికారులు ఉత్సవ వేషమునందు ధరించుటకై 1935లో ఒక బాకు ప్రవేశపెట్టబడెను. అది యుద్ధములో పొడుచుటకు కాదు. ఎడమ ప్రక్కన వ్రేలాడుచు హోదాను చాటుటకు. కావున దాని అలుగునకు పదును పెట్టుట వాడుక కాదు. కత్తులకు శతాబ్దములుగా పేరొందిన జోలింగెన్ పట్టణమున ఇట్టివి పెక్కు తయారయ్యెను. 1945లో నాజీ ప్రభుత్వము కూలిన పిమ్మట, అమెరికా, బ్రిటిష్ సైనికులు వీనిని గురుతుగా ఇండ్లకు గొనిపోయిరి. నేడవి ప్రదర్శనశాలలలోను, సేకర్తల పెట్టెలలోను కానవచ్చుచున్నవి. బాకుపైనున్న డేగ స్వస్తిక చిహ్నమును పట్టుకొని యుండును. లక్షలాది నిరపరాధులను హతమార్చిన పాలనకు అది గుర్తు. జర్మనీలో ఆ చిహ్నమును బహిరంగముగ ప్రదర్శించుట నేరము. విద్య, పరిశోధన మొదలగు వానికి మాత్రము మినహాయింపు కలదు.

ఇట్టి బాకు దొరికినవాడు సాధారణముగ చేయు మొదటి పని దానిని తళతళలాడునట్లు తోముట. పరీక్షకునకు ఇంతకంటె దుఃఖము కలిగించునది లేదు. ఏలయన, వస్తువు గడిపిన జీవితమును తెలుపు గుర్తులన్నియు పై పొరలోనే యుండును. తోమినచో ఆ పొర పోవును. పోయిన లోహము మరల రాదు.

చెమటలోని ఉప్పు ఉక్కును తినును గనుక పరీక్షకుడు నూలు చేతొడుగులు ధరించును. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు బాకును త్రిప్పుచు, మొదట అరుగుదలను చూచును. అరుగుదలకు ఒక న్యాయము కలదు. దుస్తులకు, చేతులకు రాచుకొను మిట్టలు ముందుగ అరుగును: డేగ ముక్కు, రొమ్ము, ఒర పట్టీలపై ఓకు ఆకుల అంచులు. పల్లములలో పూత నిలిచియుండును. మిట్టలు, పల్లములు ఏకరీతిగ వెలవెలబోయియున్నచో, అది కాలము చేసిన పని కాదు. ఏదో ఘాటైన ద్రావకము చేసిన పని.

లోహము నెరిగి తీర్పు చెప్పవలెను. రాగి, నికెలు యుద్ధపరికరములకు కావలసివచ్చినందున, తరువాతి బాకుల అమరికలకు తుత్తునాగపు మిశ్రలోహము వాడిరి. దానిపై పూత చక్కగ నిలువదు, బూడిదవన్నెకు తిరుగును. అట్టి బాకును చూచి, యజమాని అశ్రద్ధ చేసెననుట అన్యాయము.

పెక్కు బాకుల పిడికి సెల్యులాయిడు తొడుగు కలదు. పూర్వము సినిమా ఫిల్ములు చేసిన పదార్థమే ఇది. తెల్లనిది ఏండ్లు గడిచినకొలది పసుపువన్నెకు తిరుగుట లోపము కాదు. సన్నని బీటలు, ఘాటు వాసన ఉన్నచో మాత్రము జాగ్రత్త పడవలెను. క్షీణించు సెల్యులాయిడునుండి వెడలు ఆమ్లవాయువులు ప్రక్కనున్న లోహమును తినివేయును. గాలిచొరని పెట్టెలో దాని నుంచరాదు.

ఇక అలుగు. ఒరలో దూర్చుచు తీయుచు నుండగా పొడవునా సన్నని గీతలు పడుట సహజము. అడ్డగీతలు అనుమానింపదగినవి, ఎవరో గరుకు కాగితముతో తుప్పు వదలించి యుందురు. పిడి చెంతనున్న తయారీదారు ముద్ర అంచులు కరగినట్లున్నను అట్లే తలపవలెను.

అయినను ఒక బాకు సూత్రము వేరొకదానికి వర్తింపదు. నాజీ పార్టీ దళమగు ఎస్.ఎ. వారికి 1933లో నిర్ణయింపబడిన బాకుకు తయారీలోనే అడ్డముగ మెరుగు పెట్టిరి. 1934లో ఆ దళనాయకుడు ఎర్న్‌స్ట్ రోమ్, స్నేహవాక్యముతో తన పేరు చెక్కించిన బాకులను అనేకులకు పంచెను. ఆ యేడు జూన్ 30న హిట్లరు అతనిని బంధింపజేసి, మరునాడు చంపించెను. పిమ్మట ఆ చెక్కడమును తుడిచివేయవలెనని ఆజ్ఞ వెడలెను. కొందరు వాక్యమంతయు అరగదీసిరి. కొందరు పేరు మాత్రమే. నిన్నటివరకు గర్వముతో ధరించినదానిని ఇంటింట ఆకురాతితో గీకుకొనవలసివచ్చెను!

అట్టి అలుగును వెలుతురున త్రిప్పినచో, ఒకచోట అడ్డగీతలు చెదరి, లోతులేని పల్లమొకటి కానవచ్చును. ఒక్కొక్కచో అక్షరముల నీడలును మిగిలియుండును. వర్తకుడు దానిని లోటుగ నెంచి ధర తగ్గించును. చరిత్రకారుడు వెదకునది ఆ పల్లమునే. కావున పరీక్షకుడు ఆ చోటును కొలిచి, ఛాయాచిత్రము తీసి, అలుగుపై పలుచగ నూనె పూసి, ఉన్నదున్నట్లు విడిచిపెట్టును.