మహేంద్రగిరిపై పొగమంచు

శ్రీకాకుళం జిల్లా మందసకు వాయవ్యమున కనిపించు మహేంద్రగిరి శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాకు చెందినది. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీమ, కుంతి, యుధిష్ఠిరుల పేర శిలాలయములును, రాజేంద్ర చోళుని శాసనమును కలవు. శివరాత్రికి జనము గుంపులుగా ఎక్కుదురు, అది పొడికాలము.

వానకాలపు నడక వేరు. సముద్రము చేరువ కదా! తడిగాలి కొండకు తగిలి పైకెగసి, చల్లబడి, మేఘమగును. ఆ నీరే మహేంద్రతనయయై బారువ వద్ద మరల కడలిని చేరును. ఆ దినములలో పచ్చిక క్రింది నేల చిత్తడియగును. చూచుచుండగనే పొగమంచు దారిని కప్పివేయును. వాగు వెంట దిగిన ఊరు చేరుదుమనుకొనుట ప్రమాదము. మనిషి దిగలేని చోటనే వాగు దూకును. కదలక నిలిచి, మంచు విడిన పిమ్మట నడువవలెను. కొండ నెరిగిన సవర తోడుండిన ఆ నిరీక్షణయు తగ్గును.