మొక్కు, మాత్ర: మనోవ్యాధి ఉన్న భక్తులు వ్రతనియమాలు పాటించేటప్పుడు

సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి అమ్మవారి ఆలయ చరిత్ర ఒక వ్యాధితో మొదలవుతుంది. సైనిక దళంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉన్నాడనీ, ఇక్కడ కలరా ప్రబలిందని విని, అది శాంతిస్తే స్వస్థలంలో అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహాన్ని నెలకొల్పాడనీ స్థలచరిత్ర. ఆనాడు కలరాకు మొక్కు తప్ప వేరే శరణ్యం లేదు. ఈనాడు ఆషాఢంలో ఆ తల్లికే బోనమెత్తే ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మొక్కూ మొక్కుతారు, సెలైనూ ఎక్కిస్తారు. ఒకటి చేస్తే మరొకటి చెడుతుందని ఎవరూ అనరు. మనసుకు వచ్చే వ్యాధి దగ్గర మాత్రం ఈ వివేకం మనలో చాలామందిని విడిచిపోతుంది.

అటువంటి వ్యాధులలో బైపోలార్ డిజార్డర్‌ను గుర్తించడం మరీ కష్టం. దాని ఒక ముఖం వ్యాధిలా కనబడదు. ఉన్మాద దశలో మనిషి రాత్రికి రెండు మూడు గంటలే నిద్రపోయి కూడా అలసట ఎరుగడు. మాట ఆగదు, ఆలోచనలు ఒకదానిపై ఒకటి పరుగులు తీస్తాయి. స్థోమతకు మించి ఖర్చు చేస్తాడు, కాదన్నవారిపై మండిపడతాడు. దైవం తనకొక ప్రత్యేక కార్యం అప్పగించిందని దృఢంగా నమ్మవచ్చు. ఈ స్థితి కనీసం వారం రోజులు నిలిస్తే వైద్యులు ఉన్మాదంగా పరిగణిస్తారు. అంత తీవ్రం కాక, నాలుగు రోజులు ఉండే పొంగు కూడా ఉంది. దానిని ఇంటివారు ఉత్సాహమనే అనుకుంటారు.

ఆ తరువాతనో, అంతకు ముందో, రెండు వారాలకు తగ్గకుండా కుంగుబాటు వస్తుంది. స్నానం చేయడమే కొండ ఎక్కినంత పని అవుతుంది. ఆకలి, ఆశ రెండూ పోతాయి. దీనిని అర్జున విషాదంతో పోల్చే ఉపన్యాసాలు తరచూ వింటుంటాము. ఆ పోలిక సరికాదని మా అభిప్రాయం. అర్జునుని దుఃఖానికి కనులెదుట కారణం ఉంది, ఉపదేశంతో అది తొలగింది. ఈ వ్యాధికి కారణం మెదడులోనూ వంశక్రమంలోనూ ఉంటుంది. హితవాక్యం ఒక్కటే దానిని కుదర్చలేదు. పైగా, గీత చదివినా తనకు ధైర్యం రాలేదని రోగి మరింత కుమిలిపోతాడు. ఈ దశలో చావు మాట వినబడితే ఒంటరిగా వదలరాదు.

రెండు దశల నడుమ నెలల తరబడి మనిషి మామూలుగా ఉంటాడు. నయమైందని మాత్రలు ఆపించేది అప్పుడే.

బైపోలార్ ఉన్నవారిలో చాలామందికి ఆందోళన వ్యాధి కూడా తోడుగా ఉంటుంది. అది విడిగానూ వస్తుంది. కిక్కిరిసిన దర్శనపు వరుసలో హఠాత్తుగా గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతున్నదనిపించి, కొద్ది నిమిషాలలో తారస్థాయికి చేరి తగ్గిపోయేది పానిక్ అటాక్ కావచ్చు. అయితే మొదటిసారి వచ్చినప్పుడు అది గుండెజబ్బు కాదని వైద్యుడే తేల్చాలి.

ఇదంతా పూనకమే కదా అని అడిగేవారున్నారు. బోనాల మరునాడు రంగంలో పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి పలికే సంప్రదాయం ఈ నగరవాసులు ఎరిగినదే. పూనకం వేళకు వస్తుంది, క్రతువుతో ముగుస్తుంది, ఆ మనిషి మరునాడు తన పనికి తాను వెళుతుంది. ఉన్మాదానికి వేళ లేదు, క్రతువు లేదు. నిద్ర పోతుంది, వారాలు గడుస్తాయి, కొలువూ కాపురమూ దెబ్బతింటాయి.

ఇక వ్రతనియమాల సంగతి. శివరాత్రి జాగరణ ఆరోగ్యవంతునికి ఒక రాత్రి శ్రమ. బైపోలార్ ఉన్నవారికి అలా కాదు. నిద్ర తగ్గడం ఉన్మాదానికి లక్షణమే కాక, దానిని రేపే కారణం కూడా. ఒక్క రాత్రి జాగరణతో పొంగు మొదలయ్యే ప్రమాదం ఉంది. వీరు లింగోద్భవ కాలానికి ఇంట్లో ఎవరినైనా పూజ చేయమని, తాము వేళకు నిద్రపోవడం మేలు.

ఉపవాసం విషయం ఇంకా సున్నితమైనది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి వాడి చూపిన లిథియం నేటికీ ఈ వ్యాధికి ముఖ్యమైన మందులలో ఒకటి. దాని మోతాదులో మేలుకూ హానికీ మధ్య దూరం తక్కువ. అందుకే రక్తపరీక్షలతో చూస్తూ ఇస్తారు. శరీరంలో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, దానితో లిథియమూ నిలిచిపోతుంది. నిర్జల ఏకాదశి, ఉప్పు మానిన చప్పిడి భోజనం, ఎండలో కాలినడక, ఆపై ఒళ్లునొప్పులకు కొని వేసుకునే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు, ఇవన్నీ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మాలధారణ చేసిన 41 రోజులూ ఇంగ్లీషు మందులు ముట్టరాదని మానివేసేవారున్నారు. ఉపవాసాన్ని భంగపరచనివిగా మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ఎనిమిదింటిని చెప్పాడు. అందులో నీరు ఒకటి, ఔషధం ఒకటి. శాస్త్రమే విడిచిపెట్టినదాన్ని మనం పట్టుకోనక్కరలేదు. లిథియం హఠాత్తుగా ఆపితే ఉన్మాదం తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆలయాలలో మండలకాలం నిద్ర చేయించడానికి రోగిని తీసుకువచ్చే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది: నిద్ర చేయించండి, మాత్ర ఆపకండి. రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

దాతల విషయంలోనూ ఒక మాట చెప్పక తప్పదు. ఉన్మాద దశలో మనిషి దానకర్ణుడవుతాడు. ఒంటిమీది నగలన్నీ తీసి ఇచ్చే భక్తురాలు నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదని వెంట వచ్చిన చెల్లెలు చెబుతుంటే, ఆ కానుకను అప్పుడే స్వీకరించడం ఉచితమా? కొద్ది వారాల తరువాత కుటుంబసభ్యులతో రమ్మనడం మంచిది. దేశకాలపాత్రలు చూసి చేసేది సాత్త్విక దానమని గీత పదిహేడవ అధ్యాయం చెబుతున్నది. దాత మనఃస్థితిని కూడా చూడడం ఆ భావానికి దూరమేమీ కాదు.

బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో బైపోలార్ ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండింటిలో లేవు. ఇక్కడి పరిస్థితి మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ కనబడదు. సికింద్రాబాదు పరిసరాలవారికి ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల అందుబాటులో ఉన్నాయి. కుంగుబాటుతో వెళ్లినప్పుడు, గతంలో ఎప్పుడైనా పొంగు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి దాచకుండా చెప్పాలి. కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే కొందరిలో అది ఉన్మాదంలోకి నెట్టవచ్చు. ఇంటి నుండే తెలుగులో మాట్లాడదలచినవారు కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తీర్థయాత్రకు బయలుదేరేవారు ఆపైన నాలుగు రోజులకు సరిపడా మాత్రలు అదనంగా తీసుకొని, వాటిని మందుచీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పెట్టెలో పెడితే అది రైలులో ఒకచోట, మనిషి వరుసలో ఒకచోట ఉంటారు.