కుర్చీ కొనేముందు కూర్చుని చూడండి

కుర్చీ గురించి చెప్పుకోవడానికేముంది, నాలుగు కాళ్ళూ ఒక వీపూ అంతేగా అంటారేమో! ఒకసారి పట్నంలో ఫర్నిచర్ షాపుకి వెళ్ళి చూడండి. ఒకటి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఇంకొకటి పాములా వంపు తిరిగి ఉంటుంది. నేలకి ఆనుకున్నట్టుండే సోఫాలు సరేసరి. వీటినే డిజైనర్ కుర్చీలంటున్నారు. పేరుకి తగ్గట్టే ధరానూ!

నిజానికి పేరుపడ్డ కుర్చీలు చాలావరకు అవసరంకోసం పుట్టినవే. 1859లో వియన్నాకు చెందిన థోనెట్ కంపెనీవారు కర్రని ఆవిరిలో మెత్తబరచి, వంచి, ఆరు ముక్కలతో ఒక కుర్చీ చేశారు. విడదీసి సర్దితే, ఎటుచూసినా మీటరుండే పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అందుకే అది దేశదేశాలకీ వెళ్ళింది. బొంబాయి ఇరానీ హోటళ్ళలోని వంపు కర్ర కుర్చీలు ఆ కోవలోవే.

1972లో నార్వేలో పీటర్ ఆప్స్విక్ అనే ఆయన, తన పసివాడికి భోజనాల బల్ల అందడం లేదని ఒక కుర్చీ చేశాడు. కూర్చునే పలకనీ, కాళ్ళు పెట్టుకునే పలకనీ పిల్లవాడు ఎదిగినకొద్దీ కిందికి జరుపుకోవచ్చు.

మన చండీగఢ్ సంగతి చూడండి. 1950ల్లో పియేర్ జెన్నరే పర్యవేక్షణలో అక్కడి ఆఫీసులకి టేకుతో, పేము అల్లికతో కుర్చీలు చేయించారు. గాలి ఆడుతుంది, మన ఎండలకి హాయి. పాతబడ్డాయని గుట్టలుగా పడేసి వేలం వేస్తే, కొన్నవాళ్ళు విదేశాల్లో లక్షలకి అమ్ముకున్నారు! ఇప్పుడు వాటి నకళ్ళు మన షాపుల్లోకీ వచ్చాయి.

నకలులో రూపం ఉంటుంది గాని, కొలత ఒక్కొక్కప్పుడు తప్పుతుంది. అందుకని కూర్చుని చూడాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. కుర్చీ ఎత్తు మామూలుగా 17, 18 అంగుళాలుంటుంది. పొట్టివాళ్ళకి కాళ్ళు వేలాడితే చిన్న పీట వేసుకోవచ్చు. వీపు ఆనించి కూర్చున్నప్పుడు, మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. లేకపోతే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కుర్చీని పట్టుకుని ఊపి చూడండి. కిర్రుమంటే అతుకులు గట్టిగా లేవన్నమాట. పేము అల్లికైతే ఎండలో పెట్టకండి, పెళుసెక్కి తెగుతుంది. కాస్త కుంగితే అడుగువైపు తడిగుడ్డతో అద్ది, నీడలో ఆరనివ్వండి, కొంత బిగుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, లేవడం. పల్లపు సోఫాలో కూర్చున్న అత్తగారు లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. నలుగురిలో అలా లేవడం ఆవిడకి చిన్నతనం. అందుకని చుట్టాలొస్తే హాల్లోకే రారు, గదిలోనే ఉండిపోతారు. మనం “ఆవిడకి ఓపిక లేదండీ” అనేస్తాం! ఓపిక లేనిది ఆవిడకా, సోఫాది పొరపాటా? కాస్త ఎత్తుగా, గట్టి చేతులున్న కుర్చీ ఒక్కటి హాల్లో వేస్తే, చేతుల మీద బరువు మోపి ఎవరి సాయం లేకుండా తనే లేస్తారు.

కనక ఈసారి షాపుకి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళండి. వాళ్ళని కూర్చోబెట్టండి, రెండుసార్లు లేచి చూడమనండి. షాపువాడేమనుకుంటాడో అన్న మొహమాటం పెట్టుకోకండి. రంగూ రూపూ ఆ తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు.