తిరగబెట్టిన రక్తక్యాన్సర్, కొత్త మందుల ట్రయల్స్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ట్రయల్‌లో చేరితే సగం మందికి ఉత్తుత్తి మాత్రలే ఇస్తారు.

వాస్తవం: తిరగబెట్టిన లుకేమియాతో ఉన్న మనిషిని సాధారణంగా ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టరు. ఒకవేళ అది ఉన్నా, అసలు చికిత్సకు తోడుగానే ఉంటుంది. ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉన్న ఏఎంఎల్‌కు (వేగంగా ముదిరే ఒక రకం లుకేమియా) గిల్టెరిటినిబ్ అనే మందును పరీక్షించిన అడ్మిరల్ ట్రయల్‌లో 371 మంది ఉన్నారు. మూడింట రెండు వంతుల మందికి కొత్త మందు, మిగతావాళ్లకు అప్పటికే వాడుకలో ఉన్న కీమో ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం కొత్త మందుతో 9.3 నెలలు, కీమోతో 5.6 నెలలు. మేలే, కానీ జబ్బు పూర్తిగా నయమైందని చెప్పే అంకె కాదిది. ఆ సంగతి రోగికి ముందే విప్పి చెప్పాలి.

అపోహ: టార్గెటెడ్ మందులకు దుష్ప్రభావాలు ఉండవు.

వాస్తవం: వెనెటోక్లాక్స్ అనే టార్గెటెడ్ మందు సంగతి వింటే ఈ భ్రమ పోతుంది. తిరగబెట్టిన సీఎల్‌ఎల్ (నెమ్మదిగా ముదిరే ఒక రకం లుకేమియా) మీద తొలిదశలో పరీక్షించినప్పుడు మందు పనిచేయకపోవడం కాదు, మరీ వేగంగా పనిచేయడమే ముప్పయింది. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి, వాటిలోని పొటాషియం రక్తంలోకి పోటెత్తింది, యూరిక్ యాసిడ్ పెరిగిపోయింది. ఇలా జరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. మోతాదు పెంచుతూ పరీక్షించిన 56 మందిలో ముగ్గురికి ఈ ప్రమాదం వచ్చింది, ఒకరు చనిపోయారు. దాన్ని దాచకూడదు. మందు ఇచ్చే పద్ధతి మార్చాక చేరిన 60 మందిలో ఒక్కరికీ అలా కాలేదు. ఇప్పుడు సీఎల్‌ఎల్‌లో మొదటి వారం రోజుకు 20 మిల్లీగ్రాములతోనే మొదలుపెడతారు. ఆపై వారానికోసారి 50, 100, 200కు పెంచుతూ అయిదో వారానికి 400 చేస్తారు. నీళ్లు బాగా తాగిస్తారు, మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే రక్తపరీక్ష చేస్తారు. ఈ జాగ్రత్తలన్నీ ఆ తొలి రోగుల వల్ల తెలిసినవే.

అపోహ: మొదట్లో చేసిన జన్యుపరీక్ష చాలు.

వాస్తవం: చాలదు. జబ్బు తిరగబెట్టేసరికి ఎఫ్‌ఎల్‌టీ3 లాంటి మార్పు కొత్తగా రావచ్చు, ఉన్నది పోవచ్చు. మళ్లీ చేయించాలి.

అపోహ: ఒకసారి సంతకం పెడితే మధ్యలో వదల్లేం.

వాస్తవం: కారణం చెప్పకుండానే, ఎప్పుడైనా బయటికి రావచ్చు. మామూలు వైద్యం ఆగదు. మన దేశంలో 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్లి అందరూ చదవండి. ఆ ట్రయల్ సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు జాబితా) నమోదైందో లేదో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు.